సమస్య: "గోతిలోనఁ బడినఁ గొప్ప గలుగు"

చద్దిమూట: ఈ వారం సమస్య లైను పైన పెట్టేశాను, అదే చివరి పాదంగా ఆటవెలది పూరించాలి. పీజీఏ ఆఫ్ అమెరికా (గోల్ఫ్ శిక్షకుల సంఘం) వాళ్ళు 2022లో ఆఫీసు ఫ్లోరిడా నుంచి టెక్సాస్‌లోని ఫ్రిస్కోకి మార్చాక ఆ ఊళ్ళో మనవాళ్ళక్కూడా గోల్ఫ్ పిచ్చి బాగా ఎక్కింది, మా తోడల్లుడైతే ఏకంగా పెరట్లో లాన్ పీకించి ప్లాస్టిక్ గడ్డితో పుట్టింగ్ గ్రీన్ (బంతిని మెల్లగా గోతిలోకి కొట్టే పచ్చిక) వేయించుకుంటున్నాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని పెద్దోళ్ళు భయపెట్టేవాళ్ళు, ఈయనేమో గొయ్యి తానే తీయించి అందులో పడితే చాలు స్వామీ అని మొక్కుకుంటున్నాడు. గోల్ఫే రాయాలని రూలేం లేదు, కానివ్వండి.

కోనసీమ కోయిల: బోణీ నాదే!

పెరటిలోనఁ బఱచి పెరుగని గడ్డిని
కర్రఁ బట్టి మెల్లగాను కొట్ట
బంతి దొరలి దొరలి పరుగెత్తి పరుగెత్తి
గోతిలోనఁ బడినఁ గొప్ప గలుగు

చద్దిమూట: "పెరుగని గడ్డి" అదిరింది కోయిలగారూ. మూడో పాదం చదువుతుంటే బంతి నిజంగా దొర్లుతున్నట్టే ఉంది.

పాత తాటాకు: ధార ఉంది, బావుంది. కానీ సమస్య చూడగానే ఎవరికైనా తట్టేది ఇదే కదా, మెలిక ఏదమ్మా?

ఫ్రిస్కో బాబాయ్: నేను పోయినేడు మా ఇంట్లో వేయించాను కాబట్టి పని తెలిసినవాడి పద్యం ఇదిగో.

కంకరేసి కొట్టి గట్టిగా నిసుకేసి
సీము కానరాక జిగురు పూసి
నీటిబిల్లు లేకుండ నిగనిగ పచ్చిక
గోతిలోనఁ బడినఁ గొప్ప గలుగు

గోదారి గట్టు: బాబాయ్, సీముకీ (అతుక్కి) జిగురుకీ యతి, అదే పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన మైత్రి, ఎలా కుదిరింది?

తుమ్మెద: సరసయతి అండీ, స కి చ జ లతో చెల్లుతుంది. ఆ పాదం ముచ్చటగా ఉంది అసలు.

పాత తాటాకు: యతి సరే, మూడో పాదంలో "లేకుండ" చూశారా ఎవరన్నా? మూడు మాత్రల సూర్యగణం ఉండాల్సిన చోట ఐదు మాత్రల త-గణం కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. "నీటిబిల్లు లేని" అంటే సరిపోయేది. "కంకరేసి" సంగతి నేను మాట్లాడను.

ఫ్రిస్కో బాబాయ్: "లేని" అనే చదువుకోండి తాటాకుగారూ, థాంక్స్. "కంకరేసి" మాత్రం ఉంచుతాను, ఆ కంకర నాలుగంగుళాల మందాన పోసి ప్లేట్ కాంపాక్టర్‌తో దడదడా కొడుతుంటే పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చి చూశారు, అంత సౌండుకి గ్రాంథికం ఆనదు. ఇంకో మాట, నీళ్ళు పోవడానికి కంకరలోనే కాస్త వాలు ఇవ్వాలి, లేకపోతే వాన పడ్డప్పుడు గ్రీన్ మీద మడుగే. గడ్డి రెండు ముక్కలు అతికేటప్పుడు పోగులు రెండిట్లోనూ ఒకే వైపు వాలి ఉండాలి, మా దగ్గర పనివాడు ఒక ముక్క తిప్పి వేశాడు, సాయంత్రం ఎండలో సగం ముదురుపచ్చ సగం లేతపచ్చ, జరీ అంచు చీరలా కనబడేది. మళ్ళీ పీకించి వేయించాను.

గోదారి గట్టు: మరి ఇసుకెందుకు పైన?

ఫ్రిస్కో బాబాయ్: పోగులు నిలబడ్డానికి, బరువుకి. చల్లి బ్రష్‌తో లోపలికి దిగేలా ఊడవాలి. ఇసుక బాగా దిగితే బంతి జోరుగా పోతుంది, తక్కువైతే తివాచీ మీద కొట్టినట్టే.

పాత తాటాకు: అందరూ టెక్సాస్‌లోనే ఉండిపోయారు కాబట్టి నేను మన ఊరు వెళ్తాను, ఇంకుడు గుంత.

వాన నీరు వీధి వరదయై పోనీక
యింటి ముందుఁ దవ్వి యింకఁజేయఁ
జినుకు చినుకు గూడి చెఱువౌను మనబోరు
గోతిలోనఁ బడినఁ గొప్ప గలుగు

చద్దిమూట: ఆహా! బోరు చెరువవడం, అదీ పూరణంటే.

తుమ్మెద: పద్యం నిజంగా బావుంది తాటాకుగారూ, మునిసిపాలిటీ వాళ్ళు గోడ మీద రాయించుకోవచ్చు. పాపం బాబాయ్ "లేకుండ"ని అంత పట్టుకున్నారు కదా, మరి సంక్రాంతి సమస్యకి మీరు కందపద్యంలో చెల్లని ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలపడం) వేసినప్పుడు ఇక్కడ ఎవరూ నోరెత్తలేదు, పెద్దవారని ఊరుకున్నాం.

పాత తాటాకు: అది ప్రాసయతి కాదు అఖండయతి (సంధి విడదీయకుండా హల్లుకే చెల్లించే యతి) అని అప్పుడే చెప్పాను. సమస్య వదిలేసి నా పాత కందం తవ్వడం దేనికి? మీ పూరణ ఏదీ?

తుమ్మెద: ఇదిగోనండీ.

మండుటెండ గడ్డి మంటలు రేపఁగాఁ
గాలు కాలి మామ గంతులేసి
పడఁగ నల్లుఁ డనియె "బంతియే మామయ్య
గోతిలోనఁ బడినఁ గొప్ప గలుగు"

కోనసీమ కోయిల: అమ్మో! ఆ "బంతియే" లో ఏ-కారం ఒక్కటీ చాలు, నా పద్యం వెనక్కి తీసుకుంటున్నా.

ఫ్రిస్కో బాబాయ్: అక్షరసత్యం. జులైలో మధ్యాహ్నం ఆ ప్లాస్టిక్ మీద వట్టికాళ్ళతో నిలబడలేం, మామూలు గడ్డికంటే బాగా వేడెక్కుతుంది, నీళ్ళు చల్లినా కాసేపే.

పాత తాటాకు: నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. కానీ గోల్ఫ్‌లో బంతి పడే గొయ్యి నోరు 4.25 అంగుళాలే, అంత మామగారు అందులో ఎలా పడ్డారు తుమ్మెదగారూ?

తుమ్మెద: మడమ ఇరుక్కుంటే మనిషి పడ్డట్టే. మీకు ఎవరూ పిల్లనిచ్చిన మామగారు లేరా?

చద్దిమూట: వ్యక్తిగతాలు వద్దు బాబూ. మధ్యలో ఒక కబురు, ఈ గడ్డికి పేరొచ్చిందే టెక్సాస్‌లో. హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ అనే బేస్‌బాల్ స్టేడియం పైకప్పుకి అద్దాల్లాంటి ప్లాస్టిక్ పలకలు పెడితే ఆ మెరుపుకి బంతి కనబడట్లేదని ఆటగాళ్ళు గోల పెట్టారు, పలకలకి రంగేస్తే వెలుతురందక లోపలి గడ్డి చచ్చిపోయింది, 1966లో ఆస్ట్రోటర్ఫ్ అనే ప్లాస్టిక్ గడ్డి పరిచారు. దీని మీద ఎవరైనా సీసపద్యం రాస్తే బావుణ్ణు.

పాత తాటాకు: సీసం తర్వాత. తుమ్మెదగారి రెండో పాదంలో "గంతులేసి" శుద్ధ వాడుకభాష, "గంతువైచి" అంటే గణమూ చెడదు, పద్యానికి కాస్త గౌరవమూ ఉంటుంది.

తుమ్మెద: కాలు కాలినోడు గంతులేస్తాడండీ, గంతువైవడు. మార్చను.

కోనసీమ కోయిల: నా ఓటు గంతులేసికే.

పాత తాటాకు: మీ ఓటు ఎప్పుడు అటు కాదు గనక. చద్దిమూటగారూ, సంక్రాంతి కందం లింకు ఇక్కడ పెట్టండి, అఖండయతో కాదో అందరూ చూసి చెప్తారు.