సున్నపు గోడ బూడిద రంగులోనూ, తంగేడు పువ్వు పసుపు ముద్దగానూ వస్తున్నాయి: ఏం చేయాలి?

ప్రశ్న (ఫోటోగ్రఫీ విద్యార్థిని, నెల్లూరు):
పెద్దలకు నమస్కారం. గోడల మీది బొమ్మలనూ, ఆ గోడల మొదట్లో వాటంతట అవే మొలిచిన మొక్కలనూ కలిపి తీయాలని మొన్న ఆదివారం రంగనాయకులపేట నుంచి పెన్నా ఒడ్డు వెంబడి పదకొండు నుంచి రెండు గంటల దాకా తిరిగాను. నా దగ్గర 18-55 మి.మీ. లెన్సు ఒక్కటే ఉంది, అన్నీ ఆటో మోడ్‌లోనే తీశాను. సున్నం కొట్టిన గోడలు బూడిద రంగుకు తిరిగాయి, బొమ్మల నిలువు అంచులు పైకి పోయేకొద్దీ లోపలికి వాలాయి, తంగేడు పూలలో రేకుల గీతలే కనిపించడం లేదు. మళ్ళీ వెళ్ళేలోగా ఏమి సరిదిద్దుకోవాలో దయచేసి చెప్పగలరు.

జవాబు (ఒంగోలు సభ్యుడు):
చెల్లెమ్మా, గోడకూ పువ్వుకూ వచ్చిన లోపాలు వేరుగా కనిపిస్తున్నా వాటి మూలం ఒక్కటే. కెమెరాలోని మీటరు తన ముందున్న దృశ్యం సగటున ఒక మధ్యస్థపు బూడిద రంగంత వెలుగులో ఉంటుందన్న లెక్కతో పనిచేస్తుంది కనుక, ఫ్రేము నిండా తెల్లగోడ ఉన్నప్పుడు వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది. ముదురాకుపచ్చ పొద మధ్య చిన్న పువ్వు ఉన్నప్పుడు చీకటిగా ఉందనుకుని పెంచుతుంది. అపర్చర్ ప్రయారిటీకి (లెన్సు రంధ్రం ఎంత తెరవాలో మనం ఎంచుకుంటే షట్టర్ వేగాన్ని కెమెరా చూసుకునే మోడ్) మారి, గోడకు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీటరు లెక్కకన్నా వెలుతురును పెంచే, తగ్గించే అమరికను) ప్లస్ 1 దగ్గర, పువ్వుకు మైనస్ 1 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరల్లో (చానెళ్ళలో) పసుపుకు ఎరుపు చానెల్ ముందుగా నిండిపోయి రేకుల వివరాలు పోతాయి, వెలుగును మొత్తంగా చూపే మామూలు హిస్టోగ్రామ్‌లో (వెలుగుల పంపకాన్ని చూపే గ్రాఫులో) అది తెలియదు, మూడు రంగులనూ విడిగా చూపే హిస్టోగ్రామ్‌నే చూడండి. రెండూ ఒకే ఫ్రేములో ఉంటే పువ్వును కాపాడుకుని, రా ఫైలులో (కెమెరా మార్పులు చేయని పూర్తి సమాచారపు ఫైలులో) గోడను తర్వాత వెలిగించుకోవచ్చు.

అంచులు వాలడానికి కారణం కెమెరాను పైకెత్తి తీయడమే. వెనక్కి జరిగి, లెన్సు జూమ్‌ను 35 మి.మీ. దాటించి, కెమెరాను బొమ్మ నడిమి ఎత్తులో గోడకు సమాంతరంగా పట్టుకోండి. సందు ఇరుకైతే చుట్టూ చోటు వదిలి తీసి, తర్వాత సరిచేయండి.

మిట్టమధ్యాహ్నం ఎండ పైనుంచి గోడను రాసుకుంటూ దిగి ప్రతి గరుకునూ నీడగా చూపిస్తుంది. ఉదయం పడమటి ముఖం గోడలు నీడలో ఉంటాయి, బొమ్మల రంగులు అప్పుడే నిజంగా కనిపిస్తాయి. ఏటి గాలికి మొక్కలు ఊగుతాయి కాబట్టి షట్టర్ స్పీడును (షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని) 1/500 సెకను కంటే నెమ్మదించనివ్వకండి.

మళ్ళీ విద్యార్థిని:
చాలా మేలు చేశారు, అన్నగారూ. ఒక బొమ్మ ముఖానికి జిల్లేడు కొమ్మ అడ్డొస్తోంది, దాన్ని విరిచేయవచ్చా?

జవాబు (వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, కావలి):
విరవవద్దమ్మా. జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. ఆ చేత్తోనే మీరు వ్యూఫైండర్ (కెమెరాలో కన్ను పెట్టి చూసే కిటికీ) దగ్గర కన్ను తుడుచుకుంటారు. ఆ కొమ్మ అక్కడ ఉండడమే మీరు ఎంచుకున్న అంశం కూడా. వయ్యారిభామ గుబుర్లలో మోకాళ్ళ మీద కూర్చోవలసి వస్తే పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, దాని వల్ల చర్మానికి దురదలు వస్తాయి. ఉమ్మెత్త పువ్వు సాయంత్రం విచ్చుకుని మరునాటి ఎండకు వాడిపోతుంది, అందువల్ల మీరు వెళ్ళిన వేళకు అది దొరకదు. చిత్రకారుడి సంతకం గోడ మూలన ఉంటే దాన్ని ఫ్రేములోంచి తీసేయకండి, ఫోటో కింద ఆ పేరు కూడా రాయండి.