ఏడో నెల బిడ్డ: డే కేర్‌ల వెయ్యాల్నా, ఊర్ల నానమ్మ దగ్గర ఉంచాల్నా?

బొట్టుగూడ అమ్మ:
అందరికి నమస్తే. నల్గొండల బ్యాంకు ఉద్యోగం నాది. ఆరు నెలల ప్రసూతి సెలవు అయిపోయింది, దాని మీద ఇంకో నెల సొంత సెలవు గూడ వాడుకున్న. వచ్చే సోమవారం డ్యూటీల చేరాలె. పాపకు ఏడో నెల, ఇప్పుడిప్పుడే పాకుతున్నది. మా ఆయన సూర్యాపేటల లెక్చరర్, పొద్దుగాల పోతే మల్ల దీపాలు పెట్టినంక వచ్చుడే. మా అమ్మ లేదు. అత్తమ్మ మునుగోడు దిక్కు ఊర్ల ఉంటది. టౌన్‌కు రమ్మంటే మామ, రెండు బర్రెలు, ఇల్లు... రాదు. "నేను బతికుండంగ పైసలిచ్చి పిల్లను పరాయోళ్ల చేతుల వెడతరా" అని రెండు రోజుల సంది మాట్లాడతలేదు. ఊర్ల వదిలితే శనివారం, ఆదివారమే చూసుడు. డే కేర్లు రెండు చూసిన, మనసు ఒప్పుతలేదు. మీరైతే ఏం చేద్దురు?

పాలమూరు పెద్దాయన:
అమ్మా, తప్పుగ అనుకోకు. మా అమ్మ నాయిన బొంబాయి పనికి పోతే మమ్ముల నలుగురిని మా అవ్వ ఒక్కతే సాదింది. పాలమూరు వలస గురించి పేపర్లల చదివే ఉంటవు. ఎండకాలానికి ఒక్కసారి వచ్చేటోళ్లు. మేమేమన్న ఖరాబయినమా? ఇద్దరం సర్కారు నౌకరి చేసినం. రక్తసంబంధం రక్తసంబంధమే. నెలకు ఇంత అని జీతం తీసుకునే ఆయమ్మకు నీ బిడ్డ మీద ఏం పావురం ఉంటది?

రామగిరి వదిన:
పెద్దాయనా, మీ మీద గౌరవం ఉంచే అడుగుతున్న. మీ అమ్మ బొంబాయి నుంచి వచ్చిననాడు మీరు గుర్తువట్టినరా?

చెల్లె, ఇగ నీకు. నా కొడుకును తొమ్మిదో నెలల డే కేర్‌ల వేసిన. మొదటిది గోడల మీద బొమ్మలు, ఏసీ, కెమెరాలు, చూస్తెనే కండ్లు చెదిరేటట్టు ఉండె. ఒకనాడు చెప్పకుండ మూడు గంటలకు పోయిన. పొద్దుగాల తీస్కపోయేటప్పుడు నవ్వుకుంట ఎత్తుకునే ఆమె లేదు, ఆమె డ్యూటీ ఒంటిగంట దాకనేనట. ఏడుగురు పిల్లలు టీవీ ముంగట, ఒక్క చిన్న పిల్ల, పదహారు పదిహేడేండ్లు ఉంటయేమో, ఫోన్ చూసుకుంట కూసున్నది. మావోని డైపర్ పొద్దుగాల నేను వేసిందే, బరువుకు మోకాళ్ల దాక జారింది. అందుకని పొద్దుగాల పోయి చూడకు. పగటి బువ్వ అయినంక, రెండు నుంచి నాలుగు గంటల నడుమ పో. అప్పుడు ఎవరు ఎత్తుకుంటున్నరో ఆమె నీ బిడ్డకు అసలు ఆయమ్మ. ఆమె పేరు అడుగు, ఎన్ని నెలల సంది చేస్తున్నదో అడుగు. "మొన్ననే చేరింది" అని రెండుసార్లు వినవడితే ఆ జాగ వదిలెయ్.

ఇంకోటి, నీళ్లు. మన జిల్ల బోరు నీళ్లల్ల ఎముకలను ఖరాబు చేసే ఫ్లోరైడ్ ఉంటదని నీకు చెప్పాల్నా! డే కేర్‌ల సీసా కడిగేది, డబ్బా పాలు కలిపేది, జావ కాసేది ఏ నీళ్లతోని? బోరు నీళ్లయితే "మేం మసలపెట్టి ఇస్తం మేడం" అంటరు. మసలపెడితే క్రిములు చస్తయి గని ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరయిన కొద్ది ఇంకింత చిక్కనయితది. సర్కారు మిషన్ భగీరథ నల్ల నీళ్లా, ఆర్ఓ నీళ్లా, ఆ ఆర్ఓ ఫిల్టర్ ఎన్నడు మార్చిన్రు, నోరు తెరిచి అడుగు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికే మన ఊరి పేరు పెట్టిన్రు, "నల్గొండ టెక్నిక్" అని యాడెక్కడనో ఇంజినీర్లు చదువుకుంటరు. మనం మాత్రం గోడ మీద మిక్కీ మౌస్ చూసి అడ్మిషన్ కడతం.

జడ్చర్ల హెచ్చార్:
ప్రసూతి ప్రయోజన చట్టం సంగతి ఎవరూ చెప్పలేదు. 2017 సవరణ తర్వాత 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (పసిపిల్లలను చూసుకునే గది) సౌకర్యం కల్పించాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. 26 వారాల జీతంతో కూడిన సెలవు మొదటి ఇద్దరు పిల్లల వరకూ ఆ సవరణతోనే వచ్చింది. అంతకుముందు 12 వారాలే. ఇవి కాక బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలిచ్చేందుకు రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని 1961 నాటి అసలు చట్టం నుంచే ఉంది. అడగండి, రాతపూర్వకంగా.

బొట్టుగూడ అమ్మ:
సార్, మా బ్రాంచ్‌ల మేనేజర్‌తోని కలిపి పదకొండు మందిమి. క్రెష్ అంటే రికార్డ్ రూమే ఖాళీ చెయ్యాలె. ఆ పాలిచ్చే విరామాలు మాత్రం నాకు తెల్వదు, దండాలు మీకు. కౌంటర్ ముంగట పింఛన్ల లైన్ ఉన్ననాడు ఎట్ల లేస్తనో చూడాలె.

నకిరేకల్ తమ్ముడు:
అక్కా, అంగన్‌వాడి ఉంటది గదా, ఫ్రీ. ఎందుకు ఇంత ఆలోచన?

తిప్పర్తి టీచర్:
తమ్మీ, నేను అంగన్‌వాడి టీచర్నే. మూడేండ్ల లోపు పిల్లలను మేం పొద్దంత ఉంచుకోం. వాళ్లకు ఇంటికి బాలామృతం పిండి, కోడిగుడ్లు ఇస్తం, తూకం చూస్తం, రాసుకుంటం. సెంటర్ల కూసునేది మూడు దాటిన పిల్లలే. "పాల్నా" అని ఆరు నెలల నుంచి ఆరేండ్ల పిల్లలకు అంగన్‌వాడితోని క్రెష్ కలిపి నడిపే పథకం 2022ల వచ్చింది, అది అన్ని సెంటర్లల లేదు. మీ వార్డు టీచర్ను అడగండి గని దాని మీదనే ఆశ పెట్టుకుని సోమవారం దాక ఆగకండి. బాలామృతం తీసుకునేందుకు మాత్రం పేరు రాపిచ్చుకో తల్లీ. బ్యాంకు నౌకరి అని సిగ్గుపడకు, అది అందరి పిల్లలకు.

మిర్యాలగూడ నుంచి ఒక అక్క:
నేను చిన్న డే కేర్ నడుపుత, పద్నాలుగు మంది పిల్లలు. అందరు మమ్ముల తిట్టుడే గని మా దిక్కు ముచ్చట గూడ వినుండ్రి. ఆరింటికి రావాల్సిన తల్లి ఏడున్నరకు వస్తది, ఆయమ్మ ఇంట్ల గూడ పిల్లలు ఎదురుచూస్తుంటరు. పొద్దుగాల జరానికి సిరప్ తాగిపిచ్చి, ఒళ్లు సల్లవడంగనే తెచ్చి వదిలిపోతరు. పదకొండింటికి మందు దిగి పిల్ల కాగిపోతది, ఫోన్ చేస్తే "మీటింగ్ల ఉన్న". గంటల పది మందికి అంటుకుంటది. అమ్మా, జరం సంగతి దాయకుండ చెప్పే తల్లి ఉంటే మేం గూడ ఆ పిల్లను ఇంకో రకంగ చూసుకుంటం, అది నిజం. నీ పాలు తీసి పంపుతవా? గదిల 25 డిగ్రీల లోపల ఉంటే నాలుగు గంటలు ఆగుతయి, ఫ్రిజ్‌ల నాలుగు రోజులు. మన ఎండలకు నాలుగు గంటల లెక్క మర్చిపో, ఐస్ ప్యాక్ సంచిల్నే పంపు. సీసా మీద తారీకు, టైము రాయి.

పాలమూరు పెద్దాయన:
రామగిరి బిడ్డా, నీ ప్రశ్నకు రాత్రంత నిద్ర వట్టలే. నాకు నాలుగేండ్లప్పుడు అమ్మ వచ్చి ఎత్తుకుంటే ఏడ్చుకుంట అవ్వ కొంగు సాటుకు పోయిన్నట. అమ్మ బొంబాయి నుంచి తెచ్చిన రేకు మోటర్ను గూడ ముట్టలేదట. ఆ ముచ్చట అమ్మ సచ్చిందాక చెప్పేది, నవ్వుకుంటనే చెప్పేది. అయినా నా మాట నాదే, నానమ్మ ఉండంగ పరాయోళ్లు ఎందుకు? ఆమెనే బతిమిలాడి టౌన్‌కు తెచ్చుకోరాదు?

బొట్టుగూడ అమ్మ:
పెద్దాయనా, ఒకటి చెప్పలేదు, అత్తమ్మ పరువు అని. ఆమెకు యాభై తొమ్మిదే. ముప్పై ఏండ్లు ఆ ఊరి బోరు నీళ్లు తాగింది. మోకాళ్లు మడతవడవు, మెడ పక్కకు తిరగదు. కృష్ణ నీళ్లు నల్లలల్ల వచ్చేసరికి ఎముకలు గట్టివడ్డయి. పాపను ఒళ్లె వెడితే ఎత్తుకుంటది, నేల మీదికి దిగి పాకవట్టిందా, వంగి అందుకోలేదు. మొన్న పొయ్యి దాక పోయింది పాప, అత్తమ్మ మంచం మీదికెళ్లి మొత్తుకునుడే, మామ ఉరికొచ్చి పట్టుకున్నడు. ఆమెకూ తెలుసు. తెలిసే అలుగుతున్నదని నాకు అర్థమయ్యేసరికి ఇన్ని రోజులు పట్టింది.

రామగిరి వదిన:
అయ్యో చెల్లె. ఇది ముందుగాల చెప్తే అన్ని మాటలు అనకపోదుము. ఒక పని చెయ్. డే కేర్ చూసేటందుకు ఆమెను గూడ తీస్కపో. మీరిద్దరు తీసుకున్న నిర్ణయం లెక్క కాకుండ, ఆమె ఒప్పుకున్న జాగ లెక్క ఉండాలె.

బొట్టుగూడ అమ్మ:
తీస్కపోయిన. నిన్న, మూడు గంటలకు, చెప్పకుండ. ఫ్యాన్లే, ఏసీ లేదు. తొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు ఆయమ్మలు, ఒకామె నాలుగేండ్ల సంది అక్కడనే. ఒక పిల్లగాడు ఆమె భుజం మీద నిద్రవోయి చొంగ కారుస్తుండు, ఆమె అట్లనే ఇంకోనికి జావ తాగిపిస్తున్నది. కింద కూసోమని చాప ఏసిన్రు. అత్తమ్మ కూసోలేదు గదా, దర్వాజ పట్టుకుని నిలవడ్డది. ఫీజు అడగలే, టైము అడగలే. "పిల్లకు తాగవెట్టే నీళ్లు యాడియి?" అన్నది. ఆయమ్మ లోపలికి తీస్కపోయి నల్ల చూపిచ్చింది, ఫిల్టర్ మీద అతికిచ్చిన చీటి చూపిచ్చింది. అత్తమ్మకు చదువు రాదు. నన్ను చదువుమన్నది, నేను తారీకు చదివిన. మల్లొకసారి చదివిపిచ్చుకున్నది.

సోమవారం నుంచి అక్కడనే. మొదటి వారం పగటి దాకనే వదులుత, మేనేజర్‌తోని మాట్లాడిన. అత్తమ్మ బర్రెలను మామకు ఒప్పజెప్పి ఆ వారం టౌన్ల ఉంటదట, పగటికి ఆటోల పోయి పాపను తెచ్చేది ఆమెనే. ఎత్తి ఒళ్లె పెట్టేటందుకు ఆయమ్మ ఉంటది గదా.

మిర్యాలగూడ నుంచి ఒక అక్క:
మంచిగైంది. పాప బట్టలు రెండు జతలు కాదు, నాలుగు పెట్టు. నానమ్మ ఫోన్ నంబర్ గూడ ఆయమ్మకు రాసియ్యి, ఎవరు తీస్కపోతరో వాళ్లకు ముందే తెలవాలె.