పనిచేస్తున్న కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను) అప్‌డేట్ కాకుండా ఆపేయడం సరైనదేనా? (2024 నాటి లైనక్స్ ఫోరం చర్చ)

మధురవాడ_ల్యాబ్:
ఒక ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. ముప్పై యంత్రాలు. అన్నింటిలో ఉబుంటు 22.04 లైనక్స్, ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులు. శనివారం సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. సోమవారం ఉదయం స్విచ్చులు వేస్తే ఒక్కదాంట్లోనూ లాగిన్ తెర రాలేదు. అంతా నలుపు, ఎడమ మూలన మిణుకుమిణుకుమనే చిన్న గీత. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి లోపలికి వెళ్లి, కార్డు స్థితి చూపే ‘ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ’ కమాండు కొట్టాను. కార్డును నడిపే డ్రైవర్ అందడం లేదని జవాబు. కెర్నల్ వెర్షన్ చూపే ‘యునేమ్ -ఆర్’ కొడితే 6.5 అని చూపించింది. మొన్నటి దాకా నడిచింది 6.2. డ్రైవర్‌ను రెండు నెలల క్రితం కంపెనీ సైటు నుంచి రన్ ఫైలు (ఇన్‌స్టాలర్) దించుకుని నేనే వేశాను. యంత్రం మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే అన్నీ బాగానే ఉన్నాయి. ఏప్ట్-మార్క్ హోల్డ్ (ప్యాకేజీని అప్‌డేట్ కాకుండా ఆపే కమాండు) పెట్టి 6.2 దగ్గరే ఆపేద్దామని ఉంది. తప్పేమైనా ఉందా?

రుషికొండ_ప్రాజెక్టు:
ఏ తప్పూ లేదు, ఆపేయండి. నా మోడల్ శిక్షణ ఒక్కోసారి మూడు రోజులు నడుస్తుంది. పోయిన సెమిస్టర్‌లో సమీక్షకు ముందు రాత్రి అప్‌డేట్ వచ్చింది. కెర్నల్‌లోని మాడ్యూల్ (డ్రైవర్ భాగం) పాతది, లైబ్రరీలు కొత్తవి. రెండింటి వెర్షన్లు కలవడం లేదన్న సందేశం తప్ప ఇంకేమీ రాలేదు. ఆ రాత్రి నేను పడిన అవస్థ ఇంకెవరికీ రాకూడదు. అప్పటి నుంచి కెర్నల్, డ్రైవర్ రెండూ హోల్డ్‌లోనే ఉన్నాయి.

సీతమ్మధార_అడ్మిన్:
మీ బాధ అర్థమైంది. కానీ అది కెర్నల్ మారినందుకు వచ్చింది కాదు. డ్రైవర్ ప్యాకేజీ మారింది, యంత్రం రీస్టార్ట్ కాలేదు. ఒక్కసారి రీస్టార్ట్ చేసి ఉంటే సరిపోయేది.

మధురవాడ మిత్రులది వేరే సమస్య. రన్ ఫైలు మాడ్యూల్‌ను అప్పుడు నడుస్తున్న కెర్నల్‌కే తయారుచేసి, ఆ కెర్నల్ ఫోల్డర్‌లోనే పెడుతుంది. డీకేఎంఎస్‌లో నమోదు చేయాలా అని మధ్యలో అడుగుతుంది. మీరు వద్దని ఉంటారు, చూసుకోండి. డెల్ ఇంజినీర్లు 2003లో డీకేఎంఎస్‌ను తయారుచేసింది ఇందుకే. కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ అది మాడ్యూల్‌ను మళ్లీ తయారుచేస్తుంది. పైగా మీ రన్ ఫైలు లైనక్స్‌తోనే వచ్చే నూవో డ్రైవర్‌ను కూడా అడ్డుకుని ఉంటుంది. అందుకే 6.5లో అదీ లేదు, ఇదీ లేదు. అప్‌డేట్ ఎప్పుడో నిశ్శబ్దంగా దిగి ఉంటుంది, కరెంటు పోయి వచ్చాక బయటపడింది.

ఇక ఆపేయడం సంగతి. 6.5 వచ్చాక ఉబుంటు 6.2కు మరమ్మతులు ఇవ్వదు. మీది విద్యార్థుల ల్యాబ్. 2022 మార్చిలో ‘డర్టీ పైప్’ అనే లోపం బయటపడింది. 5.8 నుంచి ఉన్న కెర్నళ్లలో, మామూలు ఖాతా ఉన్న ఏ వినియోగదారుడైనా రూట్ అధికారం, అంటే యంత్రంపై పూర్తి అధికారం, సంపాదించగలిగేవాడు. మీ యంత్రాల ముందు రోజూ ఎంతమంది కూర్చుంటారో లెక్కవేయండి. అలాంటి చోట కెర్నల్‌ను కట్టేస్తే తాళం పాడైన తలుపును అలాగే వదిలేసినట్టే.

గాజువాక_సర్వీస్:
డీకేఎంఎస్ ఉంటే చాలదు, ఇది నా బల్ల మీద చూసిన విషయం. ఒక ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ ప్యాకేజీ ద్వారానే వచ్చింది, మాడ్యూల్ తయారీకి కావలసిన కెర్నల్ హెడర్లూ ఉన్నాయి. అయినా 6.5కు మాడ్యూల్ తయారు కాలేదు. మేక్ లాగ్ (తయారీ వివరాల ఫైలు) తెరిస్తే ఒక ఆప్షన్ జీసీసీ కంపైలర్‌కు తెలియదని రాసి ఉంది. 22.04లో 6.5 కెర్నల్‌ను జీసీసీ 12తో కట్టారు, యంత్రంలో ఉన్నది 11. జీసీసీ 12 వేయగానే నిమిషాల్లో అయిపోయింది. ముందు ఆ లాగ్ చదవండి, ఆ తరువాత హోల్డ్ గురించి మాట్లాడుకుందాం.

రుషికొండ_ప్రాజెక్టు:
లాగ్ చదివే తీరిక అందరికీ ఉంటుందా? కెర్నల్ లోపలి అమరిక స్థిరంగా ఉంటుందని మాట ఇవ్వబోమని కెర్నల్ రాసేవాళ్లే తమ పత్రాల్లో చెప్పారు. ఆ భారమంతా మా మీద ఎందుకు పడాలి?

సీతమ్మధార_అడ్మిన్:
ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే మీరు రెండు విషయాలను ఒకటిగా కలుపుతున్నారు. రక్షణ కోసం వచ్చే చిన్న మరమ్మతు వేరు, 6.2 నుంచి 6.5కు దూకడం వేరు. డెస్క్‌టాప్ ఉబుంటు హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం కొత్త కెర్నళ్లు ఇచ్చే) వరుసలో ఉంటుంది కాబట్టి దూకుతుంది. మామూలు లైనక్స్-జెనెరిక్ కెర్నల్ ప్యాకేజీ వేసుకుంటే 22.04 మొదటి నుంచీ ఉన్న 5.15లోనే ఉంటుంది, మరమ్మతులు 2027 ఏప్రిల్ దాకా వస్తాయి. మీకు కావలసిన నిలకడ అదే, హోల్డ్ అక్కర్లేదు. బాగా కొత్త హార్డ్‌వేర్ అయితే మాత్రం 5.15 సరిపోకపోవచ్చు. ముందు ఒక్క యంత్రంలో చూడండి.

మధురవాడ_ల్యాబ్:
ఒక యంత్రం మీద చేసి చూశాను. డీకేఎంఎస్ ప్రశ్నకు నేను వద్దన్నది నిజమే, అప్పుడు దాని అర్థం తెలియలేదు. రన్ ఫైలు డ్రైవర్‌ను తీసేసి, జీసీసీ 12, హెడర్లు వేసి, ఉబుంటు-డ్రైవర్స్ కమాండుతో డ్రైవర్ ప్యాకేజీ పెట్టాను. మాడ్యూల్ తయారైంది, అయినా లోడ్ కాలేదు. కారణం సెక్యూర్ బూట్, నమ్మిన కీతో సంతకం లేని మాడ్యూల్‌ను అది రానివ్వదు. సంతకం కీ నమోదుకు పాస్‌వర్డ్ పెట్టి రీస్టార్ట్ చేస్తే నీలి తెర వచ్చింది. అది పది సెకన్లే ఆగుతుంది. మొదటిసారి నేను తలుపు దగ్గర ఎవరితోనో మాట్లాడుతుండగా వెళ్లిపోయింది. రెండోసారి కీబోర్డు మీద చేయి పెట్టుకుని కూర్చుని, కీని నమోదు చేశాను. డెస్క్‌టాప్ వచ్చింది. డీకేఎంఎస్ స్టేటస్‌లో 6.2, 6.5 రెండూ ‘ఇన్‌స్టాల్డ్’ అని కనిపించాయి.

హోల్డ్ పెట్టడం లేదు. 5.15కు దిగాలా, 6.5లోనే ఉండాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. మిగతా ఇరవై తొమ్మిదింటి నీలి తెరల ముందు ఒక్కొక్కటిగా కూర్చోవాలి. రేపు ఇద్దరు విద్యార్థులను సాయానికి పిలిచాను.

రుషికొండ_ప్రాజెక్టు:
నా సమీక్ష అయ్యేదాకా నేను హోల్డ్ తీయను. తీసిన రోజు జీసీసీ సంగతి మళ్లీ ఇక్కడే అడుగుతాను.