జీవభద్రత పరిశోధనలో విద్యార్థి తన డేటా మొత్తాన్ని బయటపెట్టాలా?

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
డీఎన్ఏను కృత్రిమంగా తయారుచేసి ఇచ్చే సంస్థలు తమకు వచ్చే ఆర్డర్లను ప్రమాదకరమైన జన్యుక్రమాలతో పోల్చి చూస్తాయి. అయితే కృత్రిమ మేధ ఒక విష ప్రోటీన్ పనితీరును చెడగొట్టకుండా దాని అమైనో ఆమ్లాల వరుసను మార్చేయగలిగితే, ఆ వడపోతకు అది చిక్కకపోవచ్చు. అలా మారువేషంలో ఉన్న వరుసలను గుర్తించే మోడల్‌ను నా పీహెచ్‌డీలో భాగంగా తయారుచేశాను. కోడ్‌తో పాటు, పరీక్ష కోసం నేను రూపొందించిన వరుసలను కూడా ప్రచురించాలా? మనసు ఒప్పుకోవడం లేదు.

మొదటి సభ్యుడు:
ప్రచురించాలనే అంటాను. మరొకరు చేసి సరిచూసుకోలేని ఫలితాన్ని ఎలా నమ్మాలి? బర్డ్ ఫ్లూ వైరస్ ఫెర్రెట్ల (ముంగిసలా కనిపించే, ప్రయోగాలకు వాడే చిన్న జంతువుల) మధ్య గాలి ద్వారా వ్యాపించేలా మార్చిన పరిశోధనలను పూర్తిగా ప్రచురించవద్దన్న అమెరికా జీవభద్రత సలహా మండలి, 2012లో తన మాటను సవరించుకుంది. రెండు పత్రాలూ ఆ ఏడాదే వెలువడ్డాయి.

రెండో సభ్యురాలు:
ఆ ఉదాహరణ ఇక్కడికి సరిపోదండీ. ఆ వైరస్‌తో పనిచేయడానికి కట్టుదిట్టమైన ప్రయోగశాల, ఏళ్ల అనుభవం కావాలి. మీ వరుసల ఫైల్‌ను దించుకోవడానికి ఇవేవీ అక్కర్లేదు. ఔషధ పరిశోధనలో విషగుణాన్ని తగ్గించడానికి వాడే కృత్రిమ మేధ మోడల్‌ను ఒక బృందం తలకిందులు చేసి, విషగుణం ఎక్కువున్న అణువులనే వెతకమంటే, 6 గంటల లోపే 40,000 అణువులను సూచించిందని 2022లో ప్రకటించారు. వాటిలో వీఎక్స్ అనే నరాల విషం కూడా ఉంది. సూచించిన అణువు తయారైన విషం కాదన్నది నిజమే, కానీ ఆ జాబితాను వారు బయటపెట్టలేదు. మీ పనికి ఇంకా దగ్గరిది 2025లో సైన్స్ పత్రికలో వచ్చిన మైక్రోసాఫ్ట్ పరిశోధకుల పత్రం: వడపోత సాఫ్ట్‌వేర్లలోని లోపాన్ని ముందుగా వాటి తయారీదారులకు తెలియజేసి, మరమ్మతులు జరిగిన తరువాతే ప్రచురించి, సున్నితమైన డేటాను అర్హత పరిశీలించి ఇచ్చే ఏర్పాటు చేశారు. మీరు కూడా కోడ్ ఇవ్వండి, వరుసలు మాత్రం ఇవ్వకండి.

మొదటి సభ్యుడు:
లోపాన్ని ముందు తయారీదారులకు చెప్పాలన్న మాట ఒప్పుకుంటాను. కానీ అర్హత తేల్చేది ఎవరు? పేరున్న సంస్థ అండ లేని పరిశోధకుడు నిజాయితీపరుడైనా తలుపు బయటే నిలబడవలసి వస్తుంది. ఇది చిన్న నష్టం కాదు.

రెండో సభ్యురాలు:
కాదు. అందుకే ఎవరికి ఇవ్వాలో తేల్చే నియమాలను బహిరంగంగా రాయాలి, తిరస్కరిస్తే కారణం చెప్పాలి. ఆ భారాన్ని ఒక విద్యార్థిని మీద వేయడం అన్యాయం. మీ గైడ్, విశ్వవిద్యాలయ జీవభద్రత కమిటీ ఈ నిర్ణయంలో సంతకం చేయాలి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
కమిటీకి ఈ వారమే రాస్తాను. వరుసలను ముందుగా వడపోత సాఫ్ట్‌వేర్ తయారీదారులకు చూపించి, వారి సమాధానం వచ్చేవరకు పత్రాన్ని పంపను.