20 అంగుళాల బారెల్‌కు ఏ బరువు బుల్లెట్ మంచిది? లోపలి మందుతో తేడా వస్తదా?

దిండి_చెల్క:
అన్నలకు నమస్తే. దేవరకొండ దిక్కు పల్లి, మక్క చేన్లల్ల అడవి పందుల కోసం అటవీశాఖ అనుమతితో వాడే లైసెన్సు రైఫిల్ గురించి అడుగుతున్న. థర్టీ ఆట్ సిక్స్ (.30-06) క్యాలిబర్, బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి దెబ్బకు పిడి చేత్తోటి లాగి తూటా ఎక్కించేది. బారెల్ 20 అంగుళాలే, మూతి దాకా కట్టె ఉన్న పాత మాదిరి. మంచె మీద నుంచి 40 నుంచి 90 మీటర్ల లోపల్నే కొట్టేది. డబ్బా మీద రాసిన వేగం 24 అంగుళాల బారెల్‌ది కదా, పొట్టి బారెల్‌ల ఎంత పోతది? 150, 180, 220 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్లల్ల ఏది తీసుకోవాలె? రాత్రి పూట మూతి కాడ మంట బాగా కొడుతున్నది. మందు సగం బయటనే కాలుతున్నదని, తూటా విప్పి తొందరగ కాలే మందు పోసుకోమని ఒకరన్నరు. అది నిజమేనా?

గట్టుకింది_పొలం:
ముందుగాల వేగం లెక్క చూద్దాం. ఈ క్యాలిబర్‌ల అంగుళానికి సుమారు 20 నుంచి 30 అడుగుల వేగం తగ్గుతది. 24 అంగుళాల బారెల్‌ల 180 గ్రెయిన్లకు సెకనుకు 2700 అడుగులని డబ్బా మీద ఉంటది. మీ దాంట్ల 2600 దగ్గర వస్తది. 150కి 2910 రాసి ఉంటే 2800 అనుకోండి. 220కి 2410 అంటే 2300 పైచిలుకు.

ఆ నూరు అడుగులు పోయినయని బాధ పడాల్సిన పని లేదు. మామూలు సాఫ్ట్‌నోజ్ (కొన కాడ మెత్తటి సీసం బయటికున్న) బుల్లెట్ విచ్చుకోవాలంటే తగిలే కాడ 1800 అడుగుల వేగం ఉంటే చాలు. 180 గ్రెయిన్లది 90 మీటర్ల కాడ కూడా 2400 దగ్గర్నే ఉంటది. మీ దూరాలల్ల అసలు చిక్కు వేగం ఎక్కువైతేనే వస్తది. ముదురు మొగపందికి భుజం మీద తోలు కింద మందమైన కండర కవచం ఉంటది, దాని వెనుక భుజం ఎముక. 40 మీటర్ల కాడ 150 గ్రెయిన్ల పలుచని తొడుగు బుల్లెట్ అక్కడ తగిలితే పైపైనే చిట్లిపోవచ్చు, ఊపిరితిత్తుల దాకా పోకపోవచ్చు. అట్లయితే పంది గాయంతోటి ఒర్రెల పడి పోతది. గాయపడ్డ పంది తెల్లారి ఆ చేనుల పనికొచ్చే కూలోళ్ల మీద పడొచ్చు.

కాబట్టి 180 తీసుకోండి. దొరికితే లోపలి సీసం తొడుగుకు అతికించిన బాండెడ్ రకం. 220 రౌండ్‌నోజ్ (గుండ్రటి కొన) కూడా మీ దూరానికి బాగనే పనిచేస్తది, లోతుగ దిగుతది. కాకపోతే దెబ్బ కిందికి పడ్తది కాబట్టి స్కోప్ మళ్ల సున్నా కట్టుకోవాలె (గురి పెట్టిన చోటే దెబ్బ పడేటట్టు సరి చేసుకోవాలె), భుజానికి తన్ను కూడా ఎక్కువ. 165ను ఆడపందులకు, పిల్లలకు వాడేటోళ్లు ఉన్నరు. రాత్రి చీకట్ల ఏది ముందుకొస్తదో తెల్వదు కదా, అందుకే ఒక్క బరువుకే కట్టుబడుండండి.

పాలమూరు_రేంజ్:
బరువు గురించి పై అన్న చెప్పింది సరైనదే. మందు గురించి మీకు చెప్పింది మాత్రం తప్పు.

తూటా పేలినంక ఒత్తిడి శిఖరానికి చేరేది బుల్లెట్ రెండు మూడు అంగుళాలు కదిలే లోపల్నే. మందుల ఎక్కువ భాగం బారెల్ మొదటి భాగంలనే కాలిపోతది, ఆ తర్వాత బుల్లెట్‌ను నెట్టేది వ్యాపించే గ్యాసు. అందుకే పొడుగు బారెల్‌ల ఏ మందు ఎక్కువ వేగమిస్తదో, 20 అంగుళాలల్ల కూడా సాధారణంగ అదే ఎక్కువిస్తది. 180 గ్రెయిన్లకు 4350, 4831 లాంటి నెమ్మది మందులు వాడేది అందుకే. 4064, 4895 లాంటి కొంచెం తొందర మందుతోటి వేగం కొద్దిగ తగ్గుతది గానీ మూతి కాడ ఒత్తిడి తక్కువుంటది, చప్పుడు, మంట తగ్గుతయి. అంటే తొందర మందుతోటి వచ్చే లాభం కంటికి, చెవికి. వేగానికి కాదు.

ఇగ ఆ మంట కాలని మందు కాదు. బయటకొచ్చిన వేడి గ్యాసుల కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఉంటయి, గాలి తగలంగనే అవి మళ్ల అంటుకుంటయి. దాన్ని తగ్గించడానికి కొన్ని మందులల్ల పొటాషియం సల్ఫేట్ లాంటి ఉప్పు కలుపుతరు. ఏ డబ్బాలది ఉందో బయటికి కనబడదు కాబట్టి రెండు మూడు రకాల తూటాలు తీసుకొని, రేంజ్‌ల మసక చీకటేళ ఒక్కొక్కటి కాల్చి చూడండి. మంట తక్కువ, మూడు దెబ్బలు 5 సెంటీమీటర్ల లోపల పడ్డది ఎంచుకోండి. అదే లాట్ నంబర్ (ఒకే విడతల తయారైనవని తెలిపే నంబర్) ఉన్న డబ్బాలు కొన్ని ఒకేసారి తీసుకోండి. లాట్ మారితే దెబ్బ పడే చోటు మారొచ్చు.

ఎండాకాలం ఇంకో సంగతి. నల్లగొండ ఎండల కారు డ్యాష్‌బోర్డు మీద తూటాలు పెడితే కొన్ని మందులతోటి, ముఖ్యంగ బాల్ పౌడర్ (గుండ్రటి గింజల మందు) తోటి, ఒత్తిడి పెరుగుతది. బోల్ట్ లేపేటప్పుడు గట్టిగ పట్టేస్తే, ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే చిన్న బిళ్ల) చదునైపోయి అంచులు కనబడకపోతే ఆ తూటాలు పక్కన పెట్టండి. డబ్బా నీడల, తెల్ల బట్టల చుట్టి సీటు కింద ఉంచాలె.

ఆమ్రాబాద్_అంచు:
తూటా విప్పి మందు మార్చుడు అస్సలు వద్దు. ఆయుధాల చట్టం 1959ల సెక్షన్ 5 కింద తూటాలు తయారు చేయాలంటే దానికి వేరే లైసెన్సు కావాలె, మీ రైఫిల్ లైసెన్సు దానికి సరిపోదు. పైగా చూస్తే ఒకే తీరుగున్న రెండు మందుల కాలే వేగం వేరు, కొలత ఒకటే పోస్తే బోల్టే ముక్కలు కావొచ్చు. బారెల్ ఇంకా కోయించుకుంటనంటే దానికి కూడా సెక్షన్ 6 కింద లైసెన్సు కావాలె.

పంది విషయానికొస్తే 2022 సవరణ తర్వాత వన్యప్రాణి చట్టంల రెండో షెడ్యూల్‌ల (రక్షణ ఉన్న జంతువుల జాబితాల) ఉన్నది. సెక్షన్ 11 కింద ఇచ్చిన రాతపూర్వక అనుమతిల ఏ ఊరు, ఎన్ని రోజులు అని రాసి ఉంటదో దాని దాటి పోవద్దు.

అన్నింటికన్న పెద్ద మాట. 180 సాఫ్ట్‌నోజ్ పందిని దాటి అవతలికి పోవచ్చు. మన దిక్కు చెల్కలల్ల నల్లరాతి గుండ్లు ఎక్కువ, గుండుకు తగిలిన బుల్లెట్ ఎటు ఎగురుతదో చెప్పలేం. మంచె పది పన్నెండు అడుగుల ఎత్తున ఉంటే బుల్లెట్ నేల దిక్కు పోతది గానీ, అంతమాత్రాన నేలల దిగుతదని నమ్మొద్దు. గుండ్ల వరుస వెనుక ఉంటే పంది ఎదురుంగున్నా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. పక్క చేనుల మోటర్ కాడ మనిషి ఉన్నడో లేడో పగటిపూటనే కనుక్కోవాలె.

దిండి_చెల్క:
అందరికీ దండాలు. తూటాలు విప్పుడు బంద్, 180 బాండెడ్ చూస్త. ఇంకొక్కటి. ఎండాకాలంల సున్నా కట్టింది వానాకాలంల నాలుగు వేళ్లు పక్కకు పడ్తున్నది. తూటాదా, రైఫిల్‌దా?

పాలమూరు_రేంజ్:
మూతి దాకా కట్టె ఉన్నదన్నరు కదా, ముందుగాల దాన్నే అనుమానించండి. తేమకు కట్టె ఉబ్బి బారెల్‌ను పక్కకు నెడుతది. పది రూపాయల నోటు రెండు మడతలు పెట్టి బారెల్‌కు, కట్టెకు మధ్యల జరుపుతూ రండి. ఎక్కడ ఇరుక్కుంటదో అక్కడ తాకుతున్నట్టు. మీరే సానబట్టకుండ లైసెన్సున్న గన్‌స్మిత్‌కు చూపించండి. దాంతో పాటు స్కోప్ మౌంట్ స్క్రూలు వదులైనయేమో చూసుకోండి.

సరి చేయించినంక చల్లటి బారెల్‌తోటి ఒక్కో దెబ్బ, మధ్యల పది నిమిషాలు ఆగి, 100 మీటర్లకు సున్నా కట్టండి. 180 గ్రెయిన్లది 20 నుంచి 120 మీటర్ల దాకా గురి నుంచి రెండు సెంటీమీటర్ల లోపల్నే పడ్తది. మీ మంచెకు మళ్ల స్కోప్ తిప్పే పని ఉండదు.