ఒకే రాత్రిలో వైన్, తపాస్, పాయెయా: ఈ ప్యాకేజీ తీసుకోవచ్చా?

మొదటియాత్ర:
నమస్కారం అండి. అక్టోబరు 8న నేను, మావారు, మా అత్తగారు, మామగారు స్పెయిన్‌లోని వలెన్సియాలో దిగుతున్నాం. అక్కడ నాలుగు రోజులు, తర్వాత సెవియాలో రెండు రోజులు. ఇంట్లో తలా ఒక కోరిక. మావారికి వైన్ గురించి తెలుసుకోవడం ఇష్టం. మామగారికి పాయెయా అనే అన్నం వంటకం పుట్టిన ఊళ్లోనే దాన్ని తినాలని ఎన్నాళ్లనుంచో ఉంది. నాకేమో బారు తర్వాత బారు తిరుగుతూ తపాస్, అంటే అక్కడ పెట్టే చిన్న చిన్న తినుబండారాలు, తినాలని. అత్తగారు మాంసం, చేప ముట్టరు, గుడ్డు మాత్రం తింటారు.

వలెన్సియాలో ఒక ప్యాకేజీ చూశాం. రాత్రి 8 నుంచి పదిన్నర దాకా ఒకే చోట ఐదు రకాల వైన్లు రుచి చూపిస్తారట, ఆరు తపాస్ పెడతారట, ఆఖర్న పాయెయా. మనిషికి 65 యూరోలు. ఒక్క రాత్రితో అందరి కోరికా తీరిపోతుందని మావారు అంటున్నారు. అక్కడ ఉన్నవాళ్లు, తిని వచ్చినవాళ్లు చెప్పండి, తీసుకోమంటారా?

నారింజతోట:
డబ్బు కట్టకముందే అడిగారు, మంచి పని చేశారు. తీసుకోకండి. నేను వలెన్సియాలో రుసాఫా పేటలో 11 ఏళ్లుగా ఉంటున్నాను. మీరు చెప్పిన మూడింటికీ ఇక్కడ మూడు వేళలున్నాయి. వైన్ రుచి చూడాలంటే పొద్దున, నాలుక మీద ఇంకే రుచీ లేనప్పుడు. పాయెయా మధ్యాహ్నం. తపాస్ రాత్రి. మూడూ ఒకే పూట కడుపులో వేస్తే ఐదో వైన్‌కి మీవారి నాలుక మొద్దుబారుతుంది, పాయెయా వచ్చేసరికి మామగారికి ఆకలి ఉండదు. ఆయన ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్న తిండి ఆయనకు సగం కడుపుతో దొరకకూడదు.

ముందు పాయెయా సంగతి చెబుతాను, నాకు బాగా తెలిసింది అదే.

నేను వచ్చిన మొదటి ఏడు మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ ఒక ఆదివారం తన పుట్టింటికి తీసుకెళ్లారు. ఊరికి దక్షిణాన ఆల్బుఫేరా అనే పెద్ద సరస్సు ఉంటుంది, దాని చుట్టూ కనుచూపు మేర వరి. ఆవిడ పుట్టిల్లు ఆ పొలాల పక్కనే. పెరట్లో నారింజ కట్టెలతో మంట వేశారు. పాయెయా అంటే అసలు వంటకం పేరు కాదు, ఆ వెడల్పాటి, లోతులేని పెనం పేరు. అందులో నూనె పోసి, కోడి ముక్కలు, కుందేలు ముక్కలు ఎర్రగా వేగే దాకా ఆవిడ పక్కకు కదల్లేదు. అక్కడే అరగంట పట్టింది. తర్వాత చిక్కుడు రెండు రకాలు: బల్లపరుపుగా ఉండే పచ్చి కాయ ఒకటి, గర్రొఫో అనే పెద్ద తెల్ల గింజ ఒకటి. తురిమిన టమాటా, ఎర్ర మిరప పొడి, కుంకుమపువ్వు. పెనం చెవులు బిగించిన మేకుల దాకా ఎసరు పోశారు. అదే కొలత, గ్లాసులూ గిన్నెలూ లేవు.

ఎసరు మరిగి మాంసం సారమంతా దిగాక బియ్యం పోశారు. ఒక్కసారి సమంగా సర్దారు, అంతే. ఆ తర్వాత గరిటె పెట్టలేదు, నన్నూ పెట్టనివ్వలేదు. కలిపితే గంజి దిగి ముద్దవుతుంది. ముందు పెద్ద మంట, తర్వాత సన్నటి సెగ, మొత్తం 18 నుంచి 20 నిమిషాలు. చివర్లో ఆవిడ వంగి చెవి పెట్టి విన్నారు. నీళ్ల బుడబుడ ఆగి చిటపట మొదలవగానే "ఇప్పుడు అడుగు పడుతోంది" అన్నారు. ఆ అడుగునే సొకరాత్ అంటారు. మన మాడుచెక్క లాంటిదే, కానీ నల్లబడకూడదు, గోధుమరంగులో కరకరలాడాలి. దాని కోసం పిల్లలూ పెద్దలూ పోటీపడ్డారు. పళ్లేలు లేవు. తలా ఒక చెంచా పట్టుకుని పెనం చుట్టూ కూర్చుని, ఎవరి ముందున్న వాటా వాళ్లు అంచు నుంచి నడిమికి తింటూ వెళ్లారు. పక్కవాళ్ల వాటాలో చెంచా పెట్టరు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, హోటల్లో మంచి పాయెయాను గుర్తుపట్టడానికి ఇదే కొలబద్ద. ఆర్డర్ ఇచ్చాక కనీసం 40 నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లో తెచ్చారంటే ఎప్పుడో వండి ఉంచినది. అన్నం పొర ఒక వేలి మందం కూడా ఉండకూడదు. చాలాచోట్ల కనీసం ఇద్దరికి చేస్తారు, కొన్నిచోట్ల ముందురోజే చెప్పాలి. గుమ్మం ముందు బోర్డు మీద రంగురంగుల పాయెయా బొమ్మలు వరసగా ఉంటే లోపలికి వెళ్లొద్దు. రాత్రి పూట పాయెయా అని పిలిస్తే అసలే వద్దు, ఇక్కడివాళ్లు రాత్రి అన్నం బరువని తినరు.

ఎల్ పాల్మార్ అనే చిన్న పల్లె ఆ సరస్సులోనే ఉంది, వలెన్సియా నుంచి సిటీ బస్సు వెళ్తుంది. అక్కడ రెండింటికి టేబుల్ చెప్పుకోండి, తిన్నాక పడవ ఎక్కండి. కానీ 9న వద్దు. 1238లో వలెన్సియాను గెలుచుకున్న జౌమె రాజు ఊళ్లోకి ప్రవేశించిన రోజది, ఈ ప్రాంతమంతా సెలవు, ఎక్కడా చోటు దొరకదు. (ఆ రోజు ఊళ్లోనే ఉండండి. పండ్ల ఆకారంలో చేసిన బాదం మిఠాయిలు రుమాల్లో కట్టి భార్యలకు ఇస్తారు. మీవారికి చెప్పండి.)

ఆకుపచ్చసంచి:
అత్తగారి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేనూ మాంసం, చేప తినను, గుడ్డు తింటాను. స్పెయిన్‌లో మూడుసార్లు దెబ్బతిన్నాను.

కూరగాయల పాయెయా మెనూలో ఉంటుంది. ఎసరు మాత్రం కోడి ఉడికించిన నీళ్లు కావచ్చు. కళ్లకు కనపడదు కాబట్టి అడగాలి: "సిన్ కాల్దో దె పొయో", కోడి ఎసరు లేకుండా అని. ఇద్దరికి తక్కువ చేయరని పైన చెప్పారు కదా, మీరూ అత్తగారితో కలిసి కూరగాయలది తీసుకోండి, మగవాళ్లిద్దరూ కోడి, కుందేలుది తింటారు. ఆవిడ ఒక్కరే సలాడ్ ముందు పెట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు.

తపాస్‌లో చిక్కంతా హమోన్‌తోనే, అంటే ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది తొడ. బఠాణీలో, ఆర్టిచోక్‌లో, సల్మొరేహో అనే చల్లటి టమాటా సూప్ మీద, అన్నిట్లోనూ చల్లేస్తారు. చాలామంది బారువాళ్ల లెక్కలో అది మాంసం కాదు, తాలింపు లాంటిది. శాకాహారిని అని చెప్పి ఊరుకుంటే చాలదు, "సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ హమోన్" (మాంసం వద్దు, చేప వద్దు, హమోన్ వద్దు) అని మూడూ విడివిడిగా అనండి. నిశ్చింతగా తినగలిగేవి: బంగాళదుంప, గుడ్డు కలిపి చేసే తొర్తియా అనే అట్టు, పద్రోన్ మిరపకాయలు (వేయించి ఉప్పు చల్లుతారు, అక్కడక్కడ ఒకటి మాత్రం కారం), టమాటా రుద్దిన రొట్టె. సెవియాలో పాలకూర, సెనగలు కలిపి జీలకర్రతో వండుతారు, ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్. నేను రెండు రోజుల్లో ఐదుసార్లు తిన్నాను.

ద్రాక్షసాగు:
వైన్ వైపు నేను చెబుతాను. వలెన్సియాకు పడమరగా 70 కిలోమీటర్లలో రెకేనా ఉంది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున్న ఊరు. బోబాల్ అనే నల్ల ద్రాక్షకు పుట్టిల్లు. ఒకప్పుడు ఇతర వైన్లకు రంగు కోసం కలపడానికే పీపాలకొద్దీ అమ్మేసేవాళ్లు, ఇప్పుడు దాన్నే గౌరవంగా సీసాల్లో నింపుతున్నారు. పాత పేట కింద తవ్విన గుహల్లో వైన్ దాచిన పెద్ద మట్టికుండలు ఇప్పటికీ ఉన్నాయి. మీరు వెళ్లేది కోతల కాలం చివర్లో కాబట్టి బొడెగాకు, అంటే వైన్ తయారుచేసే చోటికి, ముందే ఫోన్ చేసి, పొద్దున 11 గంటలకు చోటు చెప్పుకోండి.

సెవియాలో ఉన్నప్పుడు ఒక పొద్దున హెరేస్ వెళ్లి తీరండి, రైల్లో గంట ప్రయాణం. షెర్రీ అనే వైన్ పుట్టిన ఊరు అది. ఒకే పలోమినో ద్రాక్ష నుంచి ఇంత తేడా ఎలా వస్తుందో అక్కడే తెలుస్తుంది. పీపాను నిండా పోయరు, ఆరింట ఐదు వంతులే. మిగిలిన గాలిలో వైన్ మీద మీగడలా ఈస్టు పొర కడుతుంది, ఫ్లోర్ అంటారు. అది బతికున్నంత కాలం గాలి తగలనివ్వదు, అలా వచ్చేది ఫీనో, పాలిపోయిన రంగు, ముక్కుకు బాదం వాసన. 17 శాతం ఆల్కహాల్ దాటిస్తే ఆ పొర బతకదు, గాలి తగిలి ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది, అది ఒలొరోసో. కొనే ముందు చెప్పాలి: ఈ రెండూ తియ్యగా ఉండవు. తీపి కావాలంటే ఎండబెట్టిన ద్రాక్షతో చేసే పేద్రో హిమేనెస్, నల్లగా, పాకంలా ఉంటుంది. మామగారికి అది నచ్చొచ్చు.

మొదటియాత్ర:
మీ అందరికీ ఎన్ని దండాలు పెట్టినా చాలదు. మావారికి చదివి వినిపించాను, ప్యాకేజీ మాట ఇక ఎత్తలేదు. ఇంకో రెండు అడగొచ్చా? రుచి చూపించేటప్పుడు ఇచ్చిందంతా తాగకపోతే తప్పనుకుంటారా? నాకు రెండో గ్లాసుకే తల తిరుగుతుంది. తపాస్ రాత్రి ఎన్నింటికి మొదలుపెట్టాలి?

నారింజతోట:
తప్పు కానే కాదు. బల్ల మీద ఒక పాత్ర పెడతారు, నోట్లో తిప్పి అందులో ఉమ్మేయడానికే. వైన్ చేసేవాళ్లే ముందు ఉమ్ముతారు, పొద్దున్నుంచి రాత్రి దాకా అదే వాళ్ల పని కాబట్టి. లేతరంగువి ముందు, ముదురువి తర్వాత. గ్లాసు కాడ పట్టుకోండి, ముందు వాసన చూడండి, మీకు తట్టిన మాట పైకి చెప్పండి. ఎండుద్రాక్ష అనిపిస్తే ఎండుద్రాక్ష, తడిమట్టి అనిపిస్తే తడిమట్టి. పెద్ద పదాల కోసం వెతకొద్దు.

తపాస్‌కి రాత్రి 9 తర్వాత వెళ్లండి, 7 గంటలకు వెళ్తే చాలా వంటిళ్లు తెరిచే ఉండవు. ఒక్కో బారులో ఒకటో రెండో తిని లేవండి. సెవియాలో మెనూ చూసేటప్పుడు జాగ్రత్త: తపా అంటే చిన్నది, మేదియా రసియోన్ సగం పళ్లెం, రసియోన్ నిండు పళ్లెం. కొన్ని పాత బార్లలో సుద్దముక్కతో చెక్క గట్టు మీదే మీ లెక్క రాసుకుంటారు, దాని మీద చెయ్యి ఆనించకండి, చెరిగిపోతుంది.

ఎల్ పాల్మార్‌లో టేబుల్ చెప్పుకునేటప్పుడు కట్టెల పొయ్యి మీద వండుతారా అని అడగండి, "ఆ లెన్యా" అనాలి. మామగారిని కాస్త ముందే తీసుకెళ్లి, పొయ్యి దగ్గర నిలబడి చూడనిస్తారేమో అదీ అడగండి. నేను అడిగిన రెండుచోట్లా సంతోషంగా లోపలికి పిలిచారు. ఎసరు ఇంకి చిటపట వినబడే ఆ చివరి రెండు నిమిషాలకి ఆయన అక్కడ ఉండాలి.