డీ అండ్ డీ ఆటలో సైలెంట్ ఇమేజ్ మంత్రంతో మాయ గోడ పెడితే శత్రువులు తిన్నగా దూరి వచ్చేస్తున్నారు, ఎక్కడ తేడా కొడుతోంది?

గారడి_సంచి:
డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు ధరించి పాచికలతో ఆడే ఆట) ఫిఫ్త్ ఎడిషన్, 2014 రూల్స్. నాది ఇల్యూషన్ (మాయాదృశ్యాల) స్కూల్ విజార్డ్, 3వ లెవెల్, ఇంటెలిజెన్స్ 16, కాబట్టి సేవ్ డీసీ (ఎదుటివాడు పాచికతో అందుకోవాల్సిన అంకె) 13. చేతిలో ఉన్న మంత్రాలు మైనర్ ఇల్యూషన్ (చిన్న బొమ్మ లేదా చప్పుడు), సైలెంట్ ఇమేజ్ (చప్పుడు లేని పెద్ద బొమ్మ), డిస్గైజ్ సెల్ఫ్ (రూపం మార్చుకోవడం). ఫైట్ మొదలవగానే మధ్యలో రాతి గోడ పెడితే డీఎం (ఆట నడిపేవారు) ప్రతి గాబ్లిన్‌కూ అప్పటికప్పుడు ఫ్రీగా చెక్ (మాయను కనిపెట్టే పాచిక పరీక్ష) వేయిస్తున్నారు. ఒకటి పాసైతే చాలు, అరిచి మిగతావాటికి చెప్పేస్తుంది. స్లాటూ (మంత్రానికి ఖర్చయ్యే వాటా) పోయె, యాక్షనూ (ఆ వంతులో చేయగల పని) పోయె. ఆ ఫ్రీ చెక్ నిజంగా రూల్‌లో ఉందా? గోడ కాకపోతే ఇంకేం పెట్టాలి?

పదమూడో_డీసీ:
లేదండీ. సైలెంట్ ఇమేజ్‌కు సేవింగ్ త్రో (మంత్రాన్ని తప్పించుకునే పాచిక) అనేదే లేదు. అనుమానం వచ్చినవాడు తన యాక్షన్ ఖర్చుపెట్టి పరీక్షగా చూస్తేనే ఇన్వెస్టిగేషన్ చెక్, అదీ మీ సేవ్ డీసీకి ఎదురుగా. గాబ్లిన్ ఇంటెలిజెన్స్ 10, కాబట్టి ఇరవై ముఖాల పాచిక మీద 13 గానీ పైన గానీ పడాలి, అంటే నూటికి నలభై సార్లు. ఓగ్ర్‌కు (భారీ రాక్షసి) ఇంటెలిజెన్స్ 5, మైనస్ 3 పోను 16 పడాలి, నూటికి ఇరవై ఐదు. నాలుగు గాబ్లిన్లు ఆగి పరీక్షించాయంటే ఆ రౌండులో నాలుగు దాడులు తగ్గాయి. ఒకటో లెవెల్ స్లాటుకు ఇంతకన్నా ఏం కావాలి? ఈ మాట డీఎంతో ఆట మధ్యలో కాదు, ఆట అయ్యాక మాట్లాడండి.

అరుపు సంగతి: పక్కవాడు "ఉత్తిదేరా" అన్నంత మాత్రాన మిగతావాళ్ళకు బొమ్మ పలచబడదు. కానీ ఆ మాట నమ్మి గోడలోకి అడుగు వేస్తే ఒళ్ళు దూరిపోతుంది, దాంతో ఆట ముగిసింది. ఏ వస్తువు తగిలినా అంతే. చెయ్యి, రాయి, బాణం, ఏది లోపలికి దూరినా బండారం బయటపడుతుంది, దానికి చెక్ కూడా అక్కర్లేదు. అసలు తప్పు అక్కడుంది. సైలెంట్ ఇమేజ్‌కు మాట, చేతి సైగ, ఉన్ని పీచు మూడూ కావాలి. వాళ్ళ కళ్ళెదుటే మంత్రం చదివి, ఖాళీ చోట గోడ మొలిపిస్తే ఎవడైనా ముందు బాణం వేసే చూస్తాడు. మైనర్ ఇల్యూషన్‌కు మాట అక్కర్లేదు, సైగా ఉన్నీ చాలు. చాటు నుంచి వేయడానికి అది మేలు.

మయసభ_మేస్త్రీ:
గోడ మానేసి నేల మీద పనిచేయండి. మయసభలో దుర్యోధనుడు నేలను నీళ్ళనుకుని బట్టలు పైకెత్తుకున్నాడు, నీళ్ళను నేలనుకుని మునిగాడు. రెండూ వేర్వేరు ట్రిక్కులు, రెండూ ఇక్కడ పనికొస్తాయి.

మొదటిది, లేని ప్రమాదం చూపించడం. గోడను తాకి చూస్తారు, పచ్చగా నురగలు కక్కే ఆమ్లం మడుగును ఎవరు తాకుతారు? సైలెంట్ ఇమేజ్ 15 అడుగుల క్యూబ్. 10 అడుగుల వెడల్పు కారిడార్లో 15 అడుగుల పొడవునా మడుగు పరిచేయండి. పరుగెత్తి దూకితే స్ట్రెంగ్త్ ఎంతో అన్ని అడుగులే, అందుకు 10 అడుగుల పరుగు కూడా కావాలి. గాబ్లిన్ స్ట్రెంగ్త్ 8, దాటలేదు. ఓగ్ర్‌కు 19, దూకి దాటేస్తుంది, అది గుర్తుంచుకోండి. గొయ్యి చూపించబోకండి. ఇల్యూషన్ ఉన్నదాని మీద కప్పుతుంది గానీ ఉన్న నేలను మాయం చేయదు, సగం మంది డీఎంలు ఒప్పుకోరు.

రెండోది, ఉన్న ప్రమాదాన్ని కప్పెయ్యడం. 5 అడుగుల వెడల్పున్న నిజమైన గోతి మీద మైనర్ ఇల్యూషన్‌తో తివాచీ. నిమిషం ఉంటుంది, కాన్సంట్రేషన్ (మంత్రం మీద మనసు నిలిపి ఉంచడం) అక్కర్లేదు. మొదటివాడు పడతాడు, పడ్డ ప్రతి 10 అడుగులకూ 1డీ6 (ఆరు ముఖాల పాచిక ఒకటి) డామేజ్. వాడు పడటం చూసిన మిగతావాళ్ళకు తివాచీ గుట్టు తెలిసిపోతుంది, కాబట్టి ఒక్కసారికే పనికొస్తుంది.

మడుగుకు చప్పుడు లేకపోతే తెలివైనవాడికి అనుమానం వస్తుంది. సైలెంట్ ఇమేజ్ నడుస్తుండగానే మైనర్ ఇల్యూషన్‌తో బుసబుస శబ్దం జోడించవచ్చు, ఇంకో యాక్షన్ పోతుందంతే. అందుకే ఇదంతా తలుపు తీయకముందే సిద్ధం చేసుకోవాలి. సైలెంట్ ఇమేజ్ ఉండే 10 నిమిషాలు చాలా ఎక్కువ సమయం. దానికి కాన్సంట్రేషన్ కావాలి, ఫైట్‌లో దెబ్బ తగిలితే అది నిలబెట్టుకోవడానికి సేవ్ డీసీ 10, లేదా పడ్డ డామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది.

తెర_వెనక:
డీఎం వైపు నుంచి రెండు మాటలు. "ఇల్యూషన్ వేస్తున్నా" అని ఊరుకోకండి. ఏం కనబడుతోంది, ఎంత పెద్దది, చూసినవాడు ఏమనుకోవాలి, ఈ మూడూ చెప్పండి. ఐదు పీపాలున్న గదిలో ఆరో పీపా పెడితే చెక్ అడగాలని నాకూ అనిపించదు. ఖాళీ హాల్లో పీపా పెడితే అనిపిస్తుంది. అందరూ వాడే చెక్కపెట్టె ట్రిక్కు (5 అడుగుల పెట్టె, లోపల గొంతుక్కూర్చోవడం) దాక్కోవడానికి బాగుంటుంది. లోపల్నుంచి బాణం వేశారా, మీ బాణమే పెట్టెను పొడిచేసింది.

ఎవరి మీద వేస్తున్నారో చూసుకోండి. గబ్బిలానికి 60 అడుగుల బ్లైండ్‌సైట్ (కళ్ళు అక్కర్లేకుండా పసిగట్టే శక్తి), బొమ్మతో దానికి పనిలేదు. తోడేలు వాసన పడుతుంది, సైలెంట్ ఇమేజ్‌లో వాసన ఉండదు. వాసన, చప్పుడు, వేడి కావాలంటే 5వ లెవెల్లో మేజర్ ఇమేజ్ వచ్చేదాకా ఆగాల్సిందే. చీకటి గుహలో మంట బొమ్మ వేసేవాళ్ళు ఇంకో రకం. మైనర్ ఇల్యూషన్ వెలుతురు ఇవ్వదు. గోడ మీద వెలుగు పడని మంటను చూసి ఓగ్ర్ కూడా తల గోక్కుంటుంది.

డిస్గైజ్ సెల్ఫ్‌లో ఎత్తు ఒక అడుగు అటూ ఇటూ. సన్నగా మారితే తాకినవాడి చెయ్యి గాల్లోనే దేనికో కొట్టుకుంటుంది. లేని టోపీ పెడితే చెయ్యి దూరిపోతుంది. మీ ఒళ్ళుకు సరిపోయే కాపలావాణ్ణి ఎంచుకుని, టోపీ మాత్రం నిజమైనదే పెట్టుకోండి.

గారడి_సంచి:
మడుగు ఐడియా అదిరింది. గోడ పెట్టినప్పుడు మా వాళ్ళకూ అవతల కనబడదుగా, దానికి దారుందా?

పదమూడో_డీసీ:
ఉంది. గోడ ముందే పెట్టి, మీ వాళ్ళందరినీ ఒకసారి చెయ్యి దూర్చమనండి. తాకితే గుట్టు తెలుస్తుంది, తెలిసినవాడికి బొమ్మలోంచి అవతల కనిపిస్తుంది. శత్రువుకు మాత్రం అది రాయే. తాకితే చాలా, యాక్షన్ కూడా పెట్టాలా అన్నది మీ డీఎంను ముందే అడగండి. ఇక బాణాలు మానేసి క్లెరిక్‌తో (పూజారి పాత్ర) సేక్రెడ్ ఫ్లేమ్ మంత్రం వేయించండి. లక్ష్యం కనబడితే చాలు, 60 అడుగుల దాకా పనిచేస్తుంది, మంట నేరుగా వాడి నెత్తిన దిగుతుంది. గోడలోంచి ఏదీ దూరదు కాబట్టి గోడ గోడగానే ఉంటుంది.